శివగామి మర్చిపోయిన పాఠం

నాన్నని రాజద్రోహి అన్నారని ఓ పసిపిల్ల ఏకంగా రాజ్యం మీదే పగబట్టింది. పెద్దయ్యాక అదే రాజ్యానికి రాజమాత అయింది. అప్పుడు ఆమె ముందుకీ ఓ 'రాజద్రోహి' కథ వచ్చింది. ఈసారి శిక్ష వేయాల్సింది తనే. మరి ఏం చేసింది? సినిమా చూసినవాళ్ళందరికీ జవాబు తెలుసు. ఆ జవాబు ఎంత విషాదమో తెలియాలంటే మాత్రం ఓ నవల చదవాలి. ఆ నవల దారి వెతుక్కుంటూ వెళ్తే మన సంగారెడ్డి కూడా తగులుతుంది.

'బాహుబలి' తొలిభాగం 2015 జులై 10న విడుదలైంది. రెండోభాగం వచ్చింది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో ఇరవై ఒక్క నెలలకు పైగా దేశమంతా ఒకటే ప్రశ్న... కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? ఆఫీసుల్లో, బళ్ళలో, టీకొట్ల దగ్గర ఎవరికి తోచిన జవాబు వాళ్ళు చెప్పుకున్నారు.

అసలు జవాబు మరో నెల రోజుల్లో తెరమీదికి వస్తుందనగా, 2017 మార్చిలో ఓ లావుపాటి ఇంగ్లిష్ నవల పుస్తకాల షాపుల్లోకి వచ్చింది. పేరు 'ది రైజ్ ఆఫ్ శివగామి'. రాసింది ఆనంద్ నీలకంఠన్. కేరళలోని త్రిపుణిత్తురలో పుట్టిన ఈయన ఇండియన్ ఆయిల్‌లో ఇంజినీరుగా పనిచేశారు. రావణుడి వైపు నుంచి రామాయణాన్ని చెప్పిన 'అసుర'తో పేరు తెచ్చుకున్నారు. ఓడినవాడి గొంతు వినిపించడం ఆయనకి ఇష్టమైన పని. అలాంటి రచయిత చేతికి మాహిష్మతిని అప్పగిస్తే ఏమవుతుంది? కట్టప్ప ప్రశ్నకి ఆయన జవాబు చెప్పలేదు. అంతకంటే వెనక్కి, బాహుబలి పుట్టకముందుకి వెళ్ళారు. అక్కడో పెద్ద ప్రశ్న వేశారు... అసలు ద్రోహి అంటే ఎవరు? ఆ మాట అనే హక్కు ఎవరిది?

కొండ కింద రహస్యం

పైకి చూస్తే మాహిష్మతి పచ్చగా ఉంటుంది. గౌరీపర్వతం చల్లని చూపు, సోమదేవ మహారాజు పాలన, ప్రాణమిచ్చే సైనికులు, తలవంచే బానిసలు. కానీ, ఈ సంపదంతా ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆ కొండలో దొరికే ఓ వింత రాయి నుంచి. దాన్నుంచి తీసే ధూళితోనే మాహిష్మతి ఆయుధాలకి అంత పదును. ఆ కొండని దేవతగా కొలిచే వైతాళికులు అడవుల పాలయ్యారు. రాళ్ళు తవ్వే పనికి పసిపిల్లల్ని బానిసలుగా పట్టుకొస్తున్నారు. రాజ్యంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు కొద్దిమందే. తెలిసినవాళ్ళు నోరు విప్పరు. విప్పినవాళ్ళు బతకరు.

కర్మాగారాల పొగగొట్టాల కింద పెరిగినవారికి ఈ భాగం చదువుతుంటే ఎక్కడో తగులుతుంది. పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతానికి పరిశ్రమలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, నలుమూలల నుంచీ జనం వచ్చి స్థిరపడ్డారు. దాంతోపాటే నక్కవాగు నీళ్ళ రంగూ మారింది. పొలాలూ చెరువులూ పాడైపోతున్నాయన్న మొర 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సంపద వెనక ఎవరి కష్టం ఉంది, ఎవరి నష్టం ఉంది అని అడగడం రాజ్యానికి ఎదురుతిరగడం కాదు. కానీ మాహిష్మతిలో అడిగినవాడికి దక్కేది ఒకటే బిరుదు... ద్రోహి!

శివగామి తండ్రి దేవరాయకి దక్కింది ఆ బిరుదే. రాజద్రోహి అని ముద్రవేసి ఘోరంగా చంపేశారు. కళ్ళారా చూసిన పసిపిల్ల శివగామి, మాహిష్మతిని నాశనం చేస్తానని శపథం పట్టింది. పెంచిన తిమ్మ కుటుంబం నుంచి విడిపోయి, రాజుగారి అనాథాశ్రమానికి చేరింది. తండ్రి నుంచి ఆమెకి మిగిలిన ఆస్తి ఒక్కటే, ఓ పాత పుస్తకం. అది చదివితే తండ్రి నిర్దోషి అని రుజువు చేయొచ్చని ఆమె ఆశ. చిక్కల్లా ఏమిటంటే, అది పైశాచి భాషలో ఉంది. ఆ భాష చదవగలిగినవాళ్ళు దొరకడమే కష్టం.

ఇద్దరన్నదమ్ములు

శివగామి కథకి పక్కనే మరో కథ నడుస్తుంది. సినిమాలో తెల్లగడ్డంతో కనిపించే కట్టప్ప ఇందులో కుర్రవాడు. తండ్రి మలయప్ప మహారాజుకి బానిస. కొడుకు పెద్ద యువరాజు బిజ్జలదేవకి బానిస. బిజ్జలదేవ అవమానించినా, కొట్టినా కట్టప్ప నోరెత్తడు. పూర్వీకులు ఇచ్చిన మాట నిలబెట్టడమే తన ధర్మం అనుకుంటాడు.

తమ్ముడు శివప్ప అలా అనుకోడు. మనిషిని బానిసని చేసే మాట ధర్మమెలా అవుతుందన్నది అతని ప్రశ్న. ఎప్పుడో ఎవరో చేసిన ప్రమాణానికి తానెందుకు తలవంచాలి? సంకెల తెంచుకుని, రాజ్యం మీద తిరగబడ్డ వైతాళికుల వైపు వెళ్ళాలనుకుంటాడు. అన్న లెక్కలో తమ్ముడు ద్రోహి. తమ్ముడి లెక్కలో అన్న తనకి తనే ద్రోహం చేసుకుంటున్నవాడు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే కష్టం, రెండు ధర్మాలు. ఎవరిది ఒప్పు? రచయిత తీర్పు చెప్పరు. ఇద్దరినీ ఒకరికొకరు ఎదురుగా నిలబెట్టి, మనల్ని మధ్యలో వదిలేస్తారు.

ఇక రాజసభలో జరిగే ఎత్తులూ పైఎత్తులూ సరేసరి. డబ్బుతో దేన్నైనా కొనేయగల పట్టరాయ ఒకవైపు. అట్టడుగు నుంచి పైకొచ్చి, నిజాయతీయే ఆయుధంగా బతికే ఉపప్రధాని స్కందదాసు మరోవైపు. పుట్టుకని ఎత్తిచూపి అతణ్ణి దెప్పే పెద్దమనుషులకి లోటు లేదు. రాజ్యానికి అందరికంటే విధేయుడు అతనే. అందరూ అనుమానించేదీ అతణ్ణే. ప్రభుత్వ కార్యాలయంలో నిజాయతీగా పనిచేసిన ఏ పెద్దాయన్ని అడిగినా స్కందదాసు ఎవరో చెప్పేస్తారు.

బలం, బలహీనత

సినిమాకి అనుబంధంగా వచ్చే ఇలాంటి పుస్తకాల్ని ఇంగ్లిష్‌లో టై-ఇన్ నవలలు అంటారు. వీటికి పుట్టుకతోనే ఓ బలహీనత ఉంటుంది. ముగింపు అందరికీ ముందే తెలుసు. శివగామి ఎంత పగబట్టినా మాహిష్మతి కూలిపోదు. ఆమె బిజ్జలదేవనే పెళ్ళాడుతుంది. అంటే, ఏ రాజునైతే చంపాలనుకుందో ఆ రాజుకే కోడలవుతుంది. ప్రేమించే మహాదేవ ఉండగా ద్వేషించే బిజ్జలదేవ ఇంటికి ఎందుకు వెళ్ళింది? కట్టప్ప బానిసగానే ముసలివాడవుతాడు. ఇన్ని తెలిశాక ఇంకేం ఉత్కంఠ?

అక్కడే ఉంది కిటుకు. ఏం జరుగుతుందన్నది తెలిసినప్పుడు, ఎలా జరిగిందన్నది మరింత బాధిస్తుంది. నవల చదివి 'బాహుబలి' రెండోభాగం మళ్ళీ చూడండి. బిజ్జలదేవ, భల్లాలదేవ కలిసి వల పన్నుతారు. అమాయకుడైన కుమారవర్మని ఎగదోసి, భల్లాలదేవ మీద కత్తి ఎత్తేలా చేస్తారు. ఆ కుట్ర బాహుబలిదేనని శివగామిని నమ్మిస్తారు. ఆమె నమ్ముతుంది. బాహుబలిని పిలిచి అడగదు. సాక్ష్యం వెతకదు. మరణశిక్ష వేసి, అమలుచేసే పని కట్టప్పకి అప్పగిస్తుంది.

ఒక్కసారి ఆలోచించండి. విచారణ లేకుండా ద్రోహి ముద్ర వేసి తండ్రిని చంపారని పగబట్టిన ఆడపిల్లే, విచారణ లేకుండా ద్రోహి ముద్ర వేసి పెంచిన కొడుకుని చంపించింది! సింహాసనం ఎదురుగా నిలబడ్డప్పుడు కనిపించిన అన్యాయం, సింహాసనం మీద కూర్చున్నాక కనిపించలేదు. మనిషి మారలేదు, కూర్చున్న చోటు మారింది. సినిమా ఒక్కటే చూస్తే అది రాజమాత చేసిన తప్పు. నవల కూడా చదివితే అది ఓ కూతురు మర్చిపోయిన పాఠం. ఈ ఒక్క చూపు కోసమైనా నవల చదవొచ్చు.

పైశాచి అంటే మన పక్కూరే!

శివగామి చేతిలోని పైశాచి పుస్తకాన్ని రచయిత ఊరికే కల్పించలేదు. పైశాచి అనగానే మన దేశంలో గుర్తుకొచ్చే పుస్తకం ఒక్కటే, గుణాఢ్యుడి 'బృహత్కథ'. ఆ గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో మంత్రి అని ప్రతీతి. ఇక్కడే మనం సంగారెడ్డి బస్సెక్కాలి.

సంగారెడ్డికి దగ్గర్లో కొండాపూర్ అనే ఊరుంది. ఊరి బయట ఎత్తయిన పాటిమట్టి దిబ్బ. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940-42 మధ్య యాజ్దానీ ఆధ్వర్యంలో అక్కడ తవ్వితే శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. ఇటుక కట్టడాలు, వేలాది నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, రోమన్ బంగారు నాణెం... వాటికోసం పక్కనే మ్యూజియం కూడా కట్టారు. తెలంగాణ చరిత్ర రాసినవారిలో కొందరు గుణాఢ్యుణ్ణి ఈ కొండాపూర్‌తోనే ముడిపెడతారు.

గుణాఢ్యుడి కథ కూడా రాజసభ రాజకీయమే. కశ్మీరు కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో రాసిన 'కథాసరిత్సాగరం'లో అది ఉంది. (నవలలో మహారాజు పేరూ సోమదేవే!) జలక్రీడలాడుతుండగా రాణి సంస్కృతంలో 'నీళ్ళు చల్లొద్దు' అంటే, రాజు దాన్ని 'మోదకాలు కావాలి' అని అర్థం చేసుకుని లడ్డూలు తెప్పించాడు. అందరూ నవ్వారు. సిగ్గుపడ్డ రాజు సంస్కృతం నేర్చుకుంటానన్నాడు. ఆరేళ్ళలో నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలన్నాడు మరో మంత్రి శర్వవర్మ. నువ్వలా నేర్పితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష... మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాశాడు. ఓడిపోయాడు.

మాట తప్పలేదు. కొలువు వదిలి అడవికి వెళ్ళాడు. అక్కడ నేర్చుకున్న నాలుగో భాషే పైశాచి. అందులో ఏడేళ్ళపాటు ఏడు లక్షల శ్లోకాల కథ రాశాడు. సిరా దొరక్క తన నెత్తురుతోనే రాశాడంటారు. రాజుకి పంపితే, పిశాచాల భాషలో నెత్తుటి రాతలా అని తిప్పి పంపేశాడు. గుణాఢ్యుడు మంట పెట్టి, ఒక్కో పుట జంతువులకూ పక్షులకూ చదివి వినిపిస్తూ అందులో వేశాడు. అవి మేత మానేసి కన్నీళ్ళతో విన్నాయి. వంటశాలకి వచ్చే మాంసంలో సారం తగ్గిందేమని ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. రాజు పరుగున వచ్చేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి. మిగిలింది ఒక్క లక్షే. తర్వాత ఆ పైశాచి మూలమూ కాలగర్భంలో కలిసిపోయింది. సంస్కృతం లాంటి ఇతర భాషల్లో తిరగరాసిన కథలే మనకు దక్కాయి.

కొలువు తిప్పికొట్టిన పుస్తకంలోనే నిజం ఉంటుందన్న ఊహ ఆ కథలోనే ఉంది. దేవరాయ పుస్తకమూ పైశాచిలోనే ఉండటంలో ఆశ్చర్యమేముంది!

కోటతలుపు తీసిందెవరు?

రాజసభలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇప్పుడు లారీలూ కర్మాగారాలూ కనిపించే పటాన్‌చెరు, 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు రెండో జయసింహుడు పాలించిన పొట్టలకెరె అని చరిత్రకారులు చెబుతారు. తర్వాతి కాలంలో ఇక్కడికి కాస్త దూరంలోనే గోల్కొండ రాజ్యం వెలిగింది, ఆరిపోయింది. ఆరిపోయిన తీరు ఏ నవలకీ తీసిపోదు.

తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు చక్రం తిప్పారు. 1686లో సొంత దర్బారులోని వాళ్ళ కుట్రకే బలయ్యారు. మరుసటి ఏడు ఔరంగజేబు కోటని ముట్టడించాడు. ఎనిమిది నెలలు ఫిరంగులు మోగినా కోట లొంగలేదు. చివరికి 1687 సెప్టెంబరులో ఓ రాత్రి, అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచం తీసుకుని తలుపు తెరిచాడు. అదే రాత్రి అబ్దుల్ రజాక్ లారీ అనే మరో సర్దారు ఒంటినిండా గాయాలతో చివరిదాకా పోరాడాడు. అంతకుముందు అతనికీ లంచం ఇవ్వజూపారు, తీసుకోలేదు. గెలిచిన ఔరంగజేబు ఆ లారీకి వైద్యం చేయించాడు. శత్రువుకైనా నచ్చేది నమ్మకస్తుడే మరి!

ఇక్కడ ద్రోహి ఎవరో, వీరుడెవరో తేలిగ్గానే చెప్పేయొచ్చు. చరిత్రలో అన్నిసార్లూ ఇంత తేలిగ్గా ఉండదు. మాదన్న ద్రోహా, మంచి మంత్రా అని అప్పట్లో గోల్కొండలో అడిగితే గల్లీకో జవాబు వచ్చి ఉండేది.

నక్షత్రాల మధ్య శకుని

సినిమా వెనకటి రాజకీయాన్ని నవలగా చెప్పడంలో అందరికంటే ఎక్కువ అనుభవం అమెరికావాళ్ళది. 'స్టార్ వార్స్' సినిమా 1977లో వచ్చింది. నవల అంతకు కొన్ని నెలల ముందే, 1976లోనే వచ్చేసింది. అట్టమీద పేరు దర్శకుడు జార్జ్ లూకస్‌ది. రాసింది మాత్రం అలన్ డీన్ ఫాస్టర్ అనే రచయిత. అక్కణ్ణుంచి ఆ ప్రపంచం మీద నవలలు వందల్లో వచ్చాయి.

వాటిలో 2001లో వచ్చిన 'క్లోక్ ఆఫ్ డిసెప్షన్' పూర్తిగా రాజకీయ కుట్రల కథ. రాసింది జేమ్స్ లుసీనో. అంతరిక్షంలో వేలాది గ్రహాలకి కలిపి ఓ పెద్ద సభ ఉంటుంది. దాని అధినేత వలోరమ్ మంచివాడే, కానీ మెతక మనిషి. పక్కనే వినయంగా, చిరునవ్వుతో సలహాలిచ్చే సభ్యుడు పాల్పటీన్. వర్తకుల గొడవని చల్లార్చే నెపంతో ఆ పెద్దమనిషిని ఒక్కో మెట్టూ దించేస్తూ, తను ఒక్కో మెట్టూ ఎక్కుతుంటాడు. కత్తి దూయడు, గొంతు పెంచడు. మన శకుని పాచికలు వేసినట్టు వేస్తాడు. సినిమాలో అతను చక్రవర్తి అవుతాడని పాఠకుడికి ముందే తెలుసు. వలోరమ్‌కి తెలియదు. అదే ఉత్కంఠ.

ఈ నవలలకో ప్రమాదమూ ఉంది. వాటి తలరాత రచయిత చేతిలో ఉండదు. లూకస్ సంస్థని డిస్నీ కొన్నాక, 2014లో అంతకుముందు వచ్చిన నవలలన్నింటినీ పక్కనపెట్టేశారు. అవి అసలు కథలో భాగం కావనీ 'లెజెండ్స్' మాత్రమేననీ ప్రకటించారు. ఏళ్ళ తరబడి చదివి నమ్మినదంతా ఒక్క ప్రకటనతో పుక్కిటి పురాణమైపోయింది. రాజశాసనం అంటే అదే కదా!

శివగామి కథకి అలాంటి శాసనం రాలేదు కానీ, వెలుగూ అంతగా రాలేదు. 2020లో 'చతురంగ', ఆ తర్వాత మూడోభాగంతో నవలలు పూర్తయ్యాయి. వీటి ఆధారంగా సిరీస్ తీస్తామని 2018లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. కొంత చిత్రీకరణ జరిగినా అది జనం ముందుకు రాలేదు. రెండు భాగాల్నీ కలిపి 2025 అక్టోబరులో 'బాహుబలి: ది ఎపిక్'గా విడుదల చేసినప్పుడు థియేటర్లు మళ్ళీ నిండాయి. శివగామి బాల్యం మాత్రం పుస్తకాల అరలోనే ఉండిపోయింది.

మనకూ ఉండేవి

నిజానికి సినిమాని నవలగా చదవడం తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. 'వెండితెర నవల' అన్న మాట పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. సినిమా కథని సంభాషణలతో సహా నవలలా రాసి, బొమ్మలతో అచ్చువేసేవారు. ముళ్ళపూడి వెంకటరమణ అంతటి రచయితా వీటిని రాశారు. సినిమా ఊళ్ళోకి వచ్చి వెళ్ళిపోతే మళ్ళీ చూసే దారిలేని రోజులవి. పాటల పుస్తకంతో పాడుకునేవారు, వెండితెర నవలతో మళ్ళీ చూసుకునేవారు. టీవీలూ క్యాసెట్లూ సీడీలూ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, ఆ నవలా పోయింది.

కానీ చూసిన కథనే మళ్ళీ చెప్పడం వేరు, చూడని కథని చెప్పడం వేరు. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు దానికి ముందు కథని 'బుజ్జి అండ్ భైరవ' అనే యానిమేషన్‌గా తీశారు, బాగుంది. అలాంటి భవిష్యత్ ప్రపంచంలో అధికారం ఎవరి చేతికి ఎలా వచ్చింది, ఎవరు ఎవర్ని నమ్మించి మోసం చేశారు అని తెలుగులో ఓ మంచి నవల వస్తే? మాహిష్మతిని సృష్టించింది తెలుగువాళ్ళు. దాని పూర్వకథని ఇంగ్లిష్‌లో రాసింది మలయాళీ. ఏడు లక్షల శ్లోకాల కథ పుట్టిందని చెప్పుకునే నేల మీద ఆ పని చేయగల కలాలు లేవని ఎవరంటారు?

ఈలోగా సెలవుల్లో పిల్లలు మరోసారి 'బాహుబలి' పెట్టమంటే పెట్టండి. శివగామి తీర్పు చెప్పే చోట ఒక్క నిమిషం ఆపండి. ఆమె చిన్నప్పటి కథ చెప్పండి. 'నువ్వే ఆ సింహాసనం మీద ఉంటే, శిక్ష వేసేముందు ఏం అడుగుతావ్?' అని అడిగి చూడండి. వాళ్ళు చెప్పే జవాబు, రేపు ఇంట్లో తమ్ముడి మీద చాడీ విన్నప్పుడూ బళ్ళో స్నేహితుడి మీద నింద పడ్డప్పుడూ పనికొస్తుంది.